పుచ్చకముందే పూత

మన మ్యాగజైన్‌లో వర్షం మీద, హాస్టల్ మెస్ మీద, మొదటి ప్రేమ మీద చాలా వచ్చాయి. ఇంకా వస్తాయి. నేను ఈసారి దవడ పన్ను మీద రాస్తున్నాను. నవ్వుకోండి, ఫరవాలేదు.

నా మాట సూటిగా ఇదీ. సంగారెడ్డి, పటాన్‌చెరు చుట్టుపక్కల సర్కారు బడుల్లో అప్పుడప్పుడు దంత శిబిరాలు జరుగుతుంటాయి. వాళ్ళు వస్తారు, పిల్లల్ని వరసగా నిలబెట్టి నోళ్ళు తెరిపించి చూస్తారు, ప్లాస్టిక్ పళ్ళ సెట్టు మీద పెద్ద బ్రష్షుతో తోమి చూపిస్తారు, చిన్న పేస్టు ట్యూబు చేతిలో పెడతారు, గ్రూప్ ఫోటో దిగి వెళ్ళిపోతారు. అందులో తప్పేం లేదు. కానీ అదే రోజు, అదే మనుషులు, రెండో తరగతి పిల్లల వెనక దవడ పళ్ళకు సీలెంట్ అనే పూత వేసి వెళితే ఆ శిబిరం వల్ల పిల్లలకు ఏళ్ళ తరబడి మిగిలేది ఒకటుంటుంది. లెక్చర్ ఐదు నిమిషాలు చాలు. మిగతా టైమంతా పూతకు ఇవ్వాలి.

ముందు ఆ పన్ను సంగతి చెప్తాను, ఎందుకంటే దాని గురించి మన ఇళ్ళలో ఎవరికీ తెలియదు. పిల్లలకు ముందు పన్ను ఊడితే ఇంట్లో అందరికీ తెలుస్తుంది. ఊడిన పన్నును పేడ ముద్దలో పెట్టి ఇంటి కప్పు మీదికి విసిరిన వాళ్ళు మనలో ఇంకా ఉన్నారు. కానీ ఆరేళ్ళ వయసులో, పాల పళ్ళన్నిటికీ వెనకాల, పైన రెండు, కింద రెండు దవడ పళ్ళు వస్తాయి. వాటి కోసం ఏ పాల పన్నూ ఊడదు. చప్పుడు లేకుండా చిగురు చీల్చుకుని వచ్చి కూర్చుంటాయి. అమ్మానాన్నలు చూసినా పాల పన్నే అనుకుంటారు. నిజానికి అవి పోతే మళ్ళీ రావు. ఆ పాప ముసలిదై మటన్ తిన్నా, జొన్నరొట్టె తిన్నా వాటితోనే నమలాలి. (ఒక చిన్న సంగతి: నేను ఎల్‌కేజీ నుంచీ ఇంగ్లిష్ మీడియం. ఇన్సైజర్, కెనైన్, మోలార్ అని బొమ్మ గీసి పదికి పది మార్కులు తెచ్చుకున్నవాణ్ణే. ఆ మోలార్‌ను మా నానమ్మ దౌడ పన్ను అంటుందని, మేమిద్దరం ఒకే పన్ను గురించి మాట్లాడుతున్నామని కనెక్ట్ కావడానికి చాలా ఏళ్ళు పట్టింది.)

ఆ పన్ను పైభాగం నున్నగా ఉండదు. గుంటలు, గాడులు ఉంటాయి. బ్రష్షు పోగు మందం సుమారు 0.2 మిల్లీమీటర్లు. గాడి అడుగు చాలాసార్లు అందులో సగం కూడా ఉండదు. అంటే ఎంత బాగా తోమినా పోగు లోపలికి దిగదు. బిస్కెట్ పిండి మాత్రం దిగుతుంది. అక్కడున్న బాక్టీరియా ఆ చక్కెర తిని ఆసిడ్ వదులుతుంది, ఆ ఆసిడ్ ఎనామిల్‌ను కరిగిస్తుంది. పంట్లో పురుగు పట్టిందని పెద్దవాళ్ళు అనేది దీన్నే. పురుగంటూ ఏం లేదు గానీ, సీఎస్ వాళ్ళం కాబట్టి బగ్ అంటే మనకు అభ్యంతరం లేదు. పిల్లల్లో శాశ్వత దవడ పళ్ళు పుచ్చేది పదింటిలో తొమ్మిదిసార్లు నమిలే వైపు, ఈ గాడుల్లోనే. కాబట్టి "సరిగ్గా తోముకోలేదు, అందుకే పుచ్చింది" అని పిల్లల్ని తిట్టడం సగం అన్యాయం. బ్రష్షు వెళ్ళలేని చోట పుచ్చితే వాళ్ళేం చేస్తారు?

మా మేనమామ కూతురికి ఇప్పుడు పదేళ్ళు. మామ పాశమైలారంలో షిఫ్టు డ్యూటీ చేస్తాడు. పోయిన ఏడాది ఒక రాత్రి పాప చెంప పట్టుకుని ఒకటే ఏడుపు. అత్త లవంగం పెట్టింది, మెడికల్ షాపులో అడిగి రెండు రకాల గోలీలు తెచ్చింది. రెండు రోజులు తగ్గింది, మూడో రోజు చెంప వాచింది. ఈఎస్ఐ కార్డు ఉంది, కానీ అప్పటికే చీకటి పడింది, ఏది తెరిచి ఉంటే ఆ క్లినిక్‌కు తీసుకెళ్ళారు. డాక్టరు చూసి పర్మనెంట్ పన్నండీ అన్నారు. "పాల పన్నే కదా, ఊడిపోతదనుకున్నం సార్" అంది అత్త. రూట్ కెనాల్, క్యాప్ కలిపి అయిన ఖర్చు మామ నెల జీతంలో మూడో వంతు. ఇందులో ఎవరిని తప్పుపట్టాలో నాకు తెలియదు. ఆ పన్ను వచ్చిన నాలుగేళ్ళలో దాని గురించి ఒక్క మనిషి కూడా ఆ ఇంటికి ఒక్క ముక్క చెప్పలేదు, అంతే.

ఇప్పుడు పూత దగ్గరికి వద్దాం. దీని కథ మన ఇండస్ట్రియల్ ఏరియా వాళ్ళకు బాగా నచ్చుతుంది. న్యూయార్క్ రాష్ట్రంలో రోచెస్టర్ అనే ఊళ్ళో మైకేల్ బ్యూనోకోర్ అనే దంత పరిశోధకుడు ఉండేవాడు. పంటికి ప్లాస్టిక్ లాంటి పదార్థం అతుక్కోవడం లేదన్నది అప్పటి సమస్య. ఫ్యాక్టరీల్లో ఇనుముకు రంగు వేసే ముందు ఫాస్ఫారిక్ ఆసిడ్‌తో కడుగుతారని, అలా చేస్తే రంగు గట్టిగా పట్టుకుంటుందని ఆయనకు తెలుసు. అదే పని పంటి ఎనామిల్ మీద ఎందుకు చేయకూడదు అనుకున్నాడు. చేశాడు, అతుక్కుంది. 1955లో ఆ పేపరు వచ్చింది. 1967లో ఆయనా, క్యూటో అనే ఇంకొకాయనా కలిసి పిల్లల పళ్ళ గాడుల మీద ఇలా పూత వేస్తే పుచ్చడం బాగా తగ్గుతుందని చూపించారు.

పాశమైలారంలోనో బొల్లారంలోనో పౌడర్ కోటింగ్ షెడ్డుకు వెళ్ళిన వాళ్ళకు తెలుస్తుంది. ముందు జిడ్డు పోగొడతారు, తర్వాత ఫాస్ఫేట్ తొట్టిలో ముంచుతారు, కడిగి ఆరబెట్టి అప్పుడు పౌడర్ కొట్టి ఓవెన్‌లో పెడతారు. పంటికీ దాదాపు అదే వరస. పన్ను శుభ్రం చేస్తారు, ఆసిడ్ జెల్ పదిహేను ఇరవై సెకన్లు పెడతారు, కడుగుతారు, ఆరబెడతారు. పన్ను సుద్దముక్కలా తెల్లబడుతుంది. అప్పుడు పల్చటి రెసిన్ గాడుల్లోకి జారవిడిచి నీలం లైటు పెడితే గట్టిపడుతుంది. సూది లేదు, డ్రిల్లింగ్ లేదు, మత్తు లేదు. నొప్పి లేదు. తుప్పు పట్టకముందే ప్రైమర్ కొట్టాలన్న సంగతి ఇక్కడ షెడ్డులో హెల్పర్‌గా చేరిన కుర్రాడికి కూడా మొదటి వారంలో తెలిసిపోతుంది. అదే కుర్రాడి కూతురి పంటికి మాత్రం తుప్పు పట్టాక చూద్దాం అంటున్నాం.

పనిచేస్తుందా అంటే చేస్తుంది. అమెరికా ప్రభుత్వ సంస్థ సీడీసీ లెక్క ప్రకారం సీలెంట్ వేసిన దవడ పళ్ళలో రెండేళ్ళ పాటు 80 శాతం దాకా పుచ్చు ఆగుతుంది, నాలుగేళ్ళ దాకా సగం. వైద్య పరిశోధనలన్నీ పోగేసి వడగట్టే కోక్రేన్ వాళ్ళ 2017 సమీక్ష ఇంకా అర్థమయ్యేలా చెప్తుంది: పూత లేకపోతే రెండేళ్ళలో వందకు 40 పళ్ళు పుచ్చే పిల్లల్లో, పూత వేస్తే పుచ్చేవి ఆరేడు. అసలే తక్కువగా పుచ్చే పిల్లల్లో, అంటే వందకు 16 పుచ్చే చోట, పూతతో ఐదుకు దిగుతాయి. అంటే ఎక్కడ పుచ్చు ఎక్కువో అక్కడ లాభం ఎక్కువ. మన దగ్గర ఎక్కువేనా? డెంటల్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2002–03లో చేయించిన జాతీయ సర్వేలో పన్నెండేళ్ళ పిల్లల్లో 53.8 శాతం మందికి పుచ్చిన పళ్ళున్నాయి. సగం క్లాసు కంటే ఎక్కువ.

"మా తాత వేప పుల్లతోనే తోమాడు, ఎనభై ఏళ్ళకీ చెరకు గడ కొరికాడు" అని ఎవరో ఒకరు అంటారు. మా తాత కూడా కొరికాడు. కానీ మన తాతలు పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి జొన్నరొట్టె తిన్నారు, మధ్యలో గంటగంటకూ ఐదు రూపాయల క్రీమ్ బిస్కెట్ ప్యాకెట్ చింపలేదు. పళ్ళకు చక్కెర ఎంత తిన్నామన్న దానికంటే ఎన్నిసార్లు తిన్నామన్నదే ఎక్కువ ముఖ్యం. జొన్న మీద ప్రపంచస్థాయి పరిశోధన చేసే ఇక్రిశాట్ ఉన్నది పటాన్‌చెరులో. ఆ గేటు దాటితే ప్రతి కిరాణా కొట్టు ముందూ వేలాడేది బిస్కెట్లు, జెల్లీలు. పిల్లల్ని బిస్కెట్ మానిపించాలి, నిజమే. కానీ ఇద్దరూ డ్యూటీకి పోయే ఇంట్లో ఆ ఐదు రూపాయల ప్యాకెట్టే సాయంత్రం తిండి. అది మారేదాకా గాడులు తెరిచి ఉంచుదామా?

ఇంకో మార్గం ఫ్లోరైడ్. అమెరికాలో గ్రాండ్ ర్యాపిడ్స్ అనే ఊళ్ళో 1945లోనే మంచినీళ్ళలో ఫ్లోరైడ్ కలపడం మొదలుపెట్టారు, పళ్ళు గట్టిపడాలని. తెలంగాణలో ఆ మాట ఎత్తితే కొడతారు. కొట్టాలి కూడా. నల్లగొండ జిల్లాలో ఫ్లోరైడ్ ఎక్కువైన నీళ్ళు తాగి ఎముకలు వంగిపోయిన తరాలున్నాయి. నీళ్ళలోంచి ఫ్లోరైడ్ తీసేసే పటిక, సున్నం పద్ధతికి ప్రపంచంలో పేరే నల్లగొండ టెక్నిక్. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన నీళ్ళు తాగొద్దని బోర్డులు చూసి పెరిగిన రాష్ట్రం మనది. ఫ్లోరైడ్ పేస్టు వేరు సంగతి, బఠాణీ గింజంత వాడి ఉమ్మేస్తాం కాబట్టి అది ఉండాల్సిందే. కానీ సీలెంట్ అందమంతా అది నీళ్ళతో, బోరుతో సంబంధం లేని ఉత్త మూత కావడంలో ఉంది. గాడిని మూసేస్తుంది, అంతే. మన రాష్ట్రానికి ఇంతకంటే సరిపోయే పద్ధతి నాకు కనిపించలేదు.

ఇక బడిలోనే ఎందుకు అంటే, తల్లిదండ్రులకు సెలవు లేదు కాబట్టి. నెలకు 21,000 రూపాయల జీతం దాటనివాళ్ళకు ఈఎస్ఐ వర్తిస్తుంది, కుటుంబానికి కూడా. రామచంద్రాపురంలో ఈఎస్ఐ ఆసుపత్రి ఉంది. సంగారెడ్డి దగ్గర ఫసల్‌వాదిలో ఎంఎన్ఆర్ డెంటల్ కాలేజీ ఉంది. పటాన్‌చెరులో ఏరియా ఆసుపత్రి ఉంది. దిక్కులేని ప్రాంతమేం కాదు మనది. కానీ నొప్పి లేని పన్నును చూపించడానికి ఒక రోజు కూలి వదులుకుని పాపను తీసుకెళ్ళే నాన్న ఎవరున్నారు? కాంట్రాక్టు లేబర్‌కైతే ఒక రోజు రాకపోతే ఆ రోజు డబ్బు పోయినట్టే. సీలెంట్ వేయాల్సింది నొప్పి లేనప్పుడు. ఆసుపత్రికి వెళ్ళేది నొప్పి వచ్చినప్పుడు. ఈ రెండూ కలవవు. పాప రోజూ ఎలాగూ వెళ్ళే చోటుకే పూత రావాలి.

బడికి ఆల్రెడీ ఒక బృందం వస్తోంది కదా అంటారు. వస్తోంది. 2013లో కేంద్రం మొదలుపెట్టిన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద ఇద్దరు ఆయుష్ డాక్టర్లు, ఒక ఏఎన్ఎం, ఒక ఫార్మసిస్టు ఉండే బృందం బడికి ఏడాదికోసారి రావాలి. వాళ్ళు వెతకాల్సిన 30 సమస్యల జాబితాలో పిప్పి పళ్ళు కూడా ఉన్నాయి. జాబితా మంచిదే. కానీ జాగ్రత్తగా చూడండి: పుచ్చాక దాన్ని కనిపెట్టడం వాళ్ళ పని, పుచ్చకుండా ఆపడం కాదు. ప్రొడక్షన్‌లో క్రాష్ అయ్యాక లాగ్ రాసుకోవడం లాంటిది. రాసుకుంటారు, పై ఆసుపత్రికి పొమ్మని చీటీ ఇస్తారు. ఆ చీటీ స్కూల్ బ్యాగులో అడుగున నలిగిపోతుంది.

ప్రభుత్వం తలుచుకుంటే చేయలేదా అంటే, కంటి వెలుగు గుర్తు తెచ్చుకోండి. 2018 ఆగస్టు 15న మన పక్క మెదక్ జిల్లాలోని మల్కాపూర్‌లో మొదలుపెట్టారు. మొదటి విడతలోనే కోటిన్నర మందికి పైగా కళ్ళు పరీక్షించి, అవసరమైనవాళ్ళకు అద్దాలిచ్చారు. ఊరూరా టేబుల్ వేసి, పేరు రాసుకుని, అక్కడికక్కడే. అందులో లోపాలు లేవనను. కానీ అక్కడికక్కడే అన్నది చూడండి. చీటీ రాసి పంపడం కాదు, కళ్ళద్దాలు చేతికిచ్చి పంపడం. పంటికి కావాల్సింది అదే.

డెంటిస్టుల అభ్యంతరాలు నాకు తెలుసు. క్లాస్‌మేట్ అక్క ఒకామె బీడీఎస్, ఆమెతో వాదించాను. మొదటిది, రెసిన్ సీలెంట్‌కు పన్ను పొడిగా ఉండాలి, ఉమ్మి తగిలితే ఊడొస్తుంది, బడి వరండాలో సక్షన్ ఎక్కడ తెస్తావు అంది. నిజమే. అలాంటి చోట గ్లాస్ అయానమర్ సిమెంట్ వాడొచ్చు. అది కొంచెం తడిని తట్టుకుంటుంది, కరెంటు లేకపోయినా గట్టిపడుతుంది, కొద్దికొద్దిగా ఫ్లోరైడ్ కూడా వదులుతుంది. రెసిన్ అంత కాలం నిలవదు, ఒప్పుకుంటాను. కానీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో దాన్ని అత్యవసర మందుల జాబితాలో చేర్చింది. రెండోది, గాడిలో ఇప్పటికే పుచ్చు మొదలై ఉంటే దాని మీదే మూత వేస్తే ఎలా? గుంట పడని తొలి దశ పుచ్చు మీద సీలెంట్ వేస్తే లోపలి బాక్టీరియాకు తిండి అందక అది ముదరడం ఆగుతుందని పరిశోధనలున్నాయి. గుంట పడితే మాత్రం పూత చాలదు, ఆసుపత్రే. మూడోది, ఊడిపోతే? ఊడిపోతుంది, కొన్ని ఊడిపోతాయి. అందుకే ఏడాదికోసారి చూసి మళ్ళీ వేయాలి. ఈ మూడో దాని దగ్గర మాత్రం ఆమె గెలిచింది. ఒక్కసారి వచ్చి ఫోటో దిగి పోయే శిబిరంతో ఇది కుదరదు, అదే బడికి మళ్ళీ రావాలి.

ఎవరు చేస్తారు అన్నది అసలు చిక్కు. ఇక్కడ న్యూయార్క్ బడుల్లో జరిగిన ఒక పని గుర్తు చేయాలి. సుమారు 7,400 మంది పిల్లల మీద జరిగిన ఆ అధ్యయనం 2024లో బయటికొచ్చింది. సీలెంట్ ఒక పక్క, సిల్వర్ డయామిన్ ఫ్లోరైడ్ అనే ద్రవం ఇంకో పక్క పెట్టి పోల్చారు. రెండూ దాదాపు సమానంగా పనిచేశాయి. ఆ ద్రవాన్ని నర్సులు రాసినా, దంత సిబ్బంది రాసినా ఫలితంలో తేడా లేదు. ఆ ద్రవం పుచ్చిన చోట నల్ల మచ్చ చేస్తుంది, మన అమ్మలు ముందు పంటికి ఒప్పుకోరు, వెనక దవడకు ఒప్పుకోవచ్చు. నేను పట్టుకున్నది ఒక్కటే: ప్రతి పన్ను ముందూ డాక్టరే కూర్చోనక్కర్లేదు. మన చట్టంలో కూడా, 1948 నాటి డెంటిస్ట్స్ యాక్ట్‌లోనే, డెంటల్ హైజీనిస్ట్ అనే మనిషి ఉన్నాడు. బడుల్లో మనకు కనపడడు. బీడీఎస్ వాళ్ళకు పబ్లిక్ హెల్త్ డెంటిస్ట్రీ ఒక సబ్జెక్టు, ఆఖర్న ఏడాది ఇంటర్న్‌షిప్. చేతులున్నాయి.

లెక్క వేసి చూశాను. క్లాసులో 30 మంది. ఒక్కొక్కరికి నాలుగు పళ్ళు, మొత్తం 120. పంటికి ఐదు నిమిషాలు వేసుకుంటే 600 నిమిషాలు, పది గంటలు. ఇద్దరు కూర్చుంటే ఐదు గంటలు. ఒక బడికి ఒక రోజు. పన్నెండేళ్ళప్పుడు రెండో జత దవడ పళ్ళు వస్తాయి కాబట్టి ఏడో తరగతికి ఇంకో రోజు. ఇంత చిన్న లూప్ ఇది.

పటాన్‌చెరు కాబట్టి ఇంకొకటి చెప్పకుండా ఉండలేను. 2007లో స్వీడన్‌కు చెందిన యోకిమ్ లార్సన్ బృందం మన పటాన్‌చెరులో సుమారు 90 మందుల కంపెనీల వ్యర్థజలాలు శుద్ధి చేసే ప్లాంటు నుంచి బయటికొచ్చే నీళ్ళు పరీక్షించింది. సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉంది. ఆ మందు వాడే రోగి రక్తంలో ఉండే దానికంటే ఎక్కువ. యాంటీబయాటిక్‌లకు లొంగని బాక్టీరియా గురించి ఎవరు మాట్లాడినా మన ఊరి పేరు వస్తుంది. అదే ఊళ్ళో పన్ను నొప్పి అంటే మెడికల్ షాపుకెళ్ళి యాంటీబయాటిక్ స్ట్రిప్పులో సగం చింపించుకొస్తాం. వాపు, జ్వరం లేని పన్ను నొప్పికి అది పనిచేయదు, అమెరికన్ డెంటల్ అసోసియేషన్ 2019లో డాక్టర్లకే వద్దని చెప్పింది. నొప్పి తగ్గేది పక్కనున్న పెయిన్ కిల్లర్‌తో. వాగుల్లో ఉన్న మందులు చాలవన్నట్టు పదేళ్ళ పిల్లల కడుపుల్లోకి కూడా పంపుతున్నాం. పుచ్చని పంటికి ఏ స్ట్రిప్పూ అక్కర్లేదు.

ఇంతకీ లిటరరీ క్లబ్‌కు ఇందులో పనేంటి? ఉంది. శిబిరం పెట్టేది డాక్టర్లు, కానీ పిల్లల ఇంటికి వెళ్ళే కాగితం రాయడం వాళ్ళకు రాదు. నేను చూసిన ఒక అంగీకార పత్రంలో "దంత విదరాల ముద్రణ ప్రక్రియకు సమ్మతి" అని ఉంది. అది చదివి సంతకం పెట్టే అమ్మ ఎవరు? ఈసారి మన ఎన్ఎస్ఎస్ వాళ్ళు బడికి వెళ్ళేటప్పుడు డెంటల్ కాలేజీ ఇంటర్న్‌లను కలుపుకుని వెళ్ళాలని అడిగాను, చూద్దాం అన్నారు. కాగితం మాత్రం నేను రాసి ఉంచాను:

"మీ పాపకు, బాబుకు ఆరేళ్ళు దాటాయా? నోట్లో అన్నిటికంటే వెనక కొత్త దౌడ పన్ను వచ్చి ఉంటుంది. అది పాల పన్ను కాదు. పోతే మళ్ళీ రాదు. దాని గీతల్లో తిండి ఇరుక్కుని పుచ్చకుండా, బడిలోనే డాక్టరు దాని మీద పూత వేస్తారు. సూది లేదు, నొప్పి లేదు, పైసలు లేవు. పూత ఊడితే వచ్చే ఏడు మళ్ళీ వేస్తారు. సరే అంటే కింద సంతకం లేదా వేలిముద్ర పెట్టండి."

దీన్ని ఇంకా చిన్నది చేయగలిగినవాళ్ళు చేయండి. హిందీలోకి నేనే మార్చగలను. ఇస్నాపూర్ వైపు బడుల్లో ఒడిశా పిల్లలు చాలామంది, వాళ్ళ అమ్మలకు తెలుగూ చదవరాదు, హిందీ కూడా అంతంతే. సెకండియర్ మెకానికల్‌లో ఒడియా వచ్చిన ఇద్దరున్నారని విన్నాను. ఎవరికైనా వాళ్ళ నంబరు తెలిస్తే నాకు పంపండి.